డీడీ ముందా, సంతకం ముందా: నాలుగు కేసులున్న ఒక విడాకుల మీడియేషన్

ఇది ఒకే జంట కథ కాదు. తెలంగాణ ఫ్యామిలీ కోర్టుల నుంచి మీడియేషన్‌కు (మధ్యవర్తి దగ్గర రాజీ చర్చలకు) వచ్చే కేసుల్లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే చిక్కులను ఒక జంటకు ఆపాదించి రాసిన కేసు. ఊరు, ఉద్యోగం, డబ్బు అంకెలు అందుకు తగ్గట్టు కూర్చినవి. సెక్షన్లు, తీర్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. కాలం 2023, అంటే కొత్త క్రిమినల్ చట్టాలు రాకముందు. కాబట్టి పాత సెక్షన్ నంబర్లే కనిపిస్తాయి. 2024 జులై 1 నుంచి జరిగిన నేరమైతే 498ఎ (భర్త, అత్తింటివారి క్రూరత్వం) బదులు భారతీయ న్యాయ సంహిత 85, ఆ తేదీ నుంచి వేసిన పిటిషన్లయితే మనోవర్తికి 125 బదులు నాగరిక్ సురక్షా సంహిత 144, హైకోర్టు క్వాష్‌కు (క్రిమినల్ కేసు కొట్టివేతకు) 482 బదులు 528 అని చదువుకోవాలి.

ఫైలు వచ్చేసరికి

పెళ్లి 2013లో జరిగింది. పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. 2021 ఫిబ్రవరి నుంచి భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. ఆయన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నెలకు చేతికొచ్చే జీతం రూ.1,48,000. ఆమె ఖమ్మంలో పుట్టింట్లో ఉంటూ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది, జీతం రూ.22,000.

కేసులు నాలుగు. క్రూరత్వం కారణం చూపి హిందూ వివాహ చట్టం 13(1)(ఐఎ) కింద ఆయన హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో వేసిన విడాకుల పిటిషన్ (ఓపీ) మొదటిది. ఖమ్మం మహిళా పోలీస్ స్టేషన్‌లో 498ఎ, వరకట్న నిషేధ చట్టం 3, 4 సెక్షన్ల కింద నమోదైన కేసు రెండోది. అందులో నిందితులుగా ఆయన ఏ1, ఆయన తల్లి ఏ2, అక్క ఏ3. మూడోది గృహహింస చట్టం కింద డీవీసీ, నాలుగోది మనోవర్తి కేసు. మనోవర్తిలో ఆమెకు రూ.10,000, పాపకు రూ.8,000 చొప్పున మధ్యంతర ఉత్తర్వు ఉంది. ఏడు నెలల బకాయి రూ.1,26,000 పేరుకుపోయింది.

ఆస్తి అంటే ఒక ఫ్లాటు, కొంత బంగారం. ఫ్లాటును 2016 చివర్లో ఇద్దరి పేరా రూ.48 లక్షలకు కొన్నారు. అందులో 12 లక్షలు ఆమె తండ్రి ఖాతా నుంచి నేరుగా బిల్డర్‌కు చెక్కు రూపంలో వెళ్లాయి. మిగతా 36 లక్షలు ఇద్దరి పేరా తీసుకున్న హోమ్ లోన్, ఈఎంఐ రూ.31,200 ఆయన జీతం నుంచే. ఇప్పటి ధర 78 లక్షలు, బాకీ 30 లక్షలు. బంగారం 45 తులాలని ఆమె లెక్క, 28కి మించదని ఆయన లెక్క.

ఆమె అడిగింది రూ.60 లక్షలు, బంగారం మొత్తం. ఆయన ఇస్తానన్నది రూ.12 లక్షలు, ఫ్లాటు తనకే ఉండాలని.

ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లోని 9వ సెక్షన్ ప్రకారం రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. 2013 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఒక తీర్పులో, వైవాహిక వివాదాలను మీడియేషన్‌కు పంపడానికి కోర్టులు గట్టిగా ప్రయత్నించాలని, రాజీకి వీలున్న 498ఎ కేసులను క్రిమినల్ కోర్టులు కూడా పంపాలని చెప్పింది. అది మన ఆంధ్ర నుంచి వెళ్లిన అప్పీలే. 1999 ఏప్రిల్‌లో పెళ్లైన మర్నాడే పెద్దల మధ్య గొడవ రేగి, రెండు రోజులకే విడిపోయిన జంట పద్నాలుగేళ్లు కోర్టుల్లో నలిగింది. గొడవ పెద్దలది, నలిగింది ఆ ఇద్దరు. ఈ పని చేసేవాళ్లంతా ఆ తీర్పులోని వాస్తవాలను ఒకసారైనా చదవాలి.

ఉమ్మడిగా కూర్చోబెట్టే ముందు

మొదటి రోజు ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టలేదు. ఆమెతో నలభై నిమిషాలు, ఆయనతో నలభై నిమిషాలు విడివిడిగా మాట్లాడారు. ఆమెను అడగాల్సినవి సూటిగా అడిగారు. ఎప్పుడైనా చేయి చేసుకున్నాడా, ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు? ఆయన ఎదురుగా కూర్చుని వద్దనుకున్నదాన్ని వద్దని చెప్పగలరా? ఇక్కడ మాట్లాడి వెళ్లాక భయపడాల్సింది ఏమైనా ఉందా? 2019లో ఒకసారి కొట్టాడని, ఆ తర్వాత లేదని, లాయర్ పక్కనుంటే ఎదురుగా కూర్చోవడానికి ఇబ్బంది లేదని ఆమె చెప్పింది. సమాధానం చెప్పేటప్పుడు తలుపు వైపు చూసినా, అన్నింటికీ 'మీరెలా చెబితే అలా' అన్నా ఉమ్మడి సెషన్ పెట్టకూడదు. విడి గదుల్లోనే నడపాలి, లేదా మీడియేషన్ కుదరదని కేసు వెనక్కి పంపాలి. భయం ఉన్నచోట వచ్చే సంతకం రాజీ కాదు. ఈ కేసులో ఒక్క జాగ్రత్త తీసుకున్నారు. ఆయన ఇరవై నిమిషాలు ముందు రావడం, ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లడం. మెట్ల దగ్గరా పార్కింగ్‌లోనూ ఎదురుపడితే గదిలో కుదిరింది అక్కడ చెడిపోతుంది.

కలిసి ఉండే ఆలోచన ఏ మూలనైనా ఉందా అన్నది కూడా విడిగానే అడగాలి. ఇద్దరి ముందు అడిగితే ఎవరూ ముందుగా 'ఉంది' అనరు. ఇక్కడ ఇద్దరూ లేదనే చెప్పారు. ఆమె మాత్రం కాసేపు ఆగి చెప్పింది. అందుకని రెండో సెషన్లో మళ్లీ ఒకసారి అడిగారు, అదే జవాబు వచ్చింది.

గోప్యత గురించి మొదటి రోజే తెలుగులో, చిన్న మాటల్లో చెప్పారు. మీడియేటర్ కోర్టుకు పంపే కాగితంలో రాజీ కుదిరితే ఒప్పందం ఉంటుంది, కుదరకపోతే 'కుదరలేదు' అన్న మాట మాత్రమే ఉంటుంది. లోపల ఎవరేమన్నారో రాయకూడదని సుప్రీంకోర్టు 2010లోనే స్పష్టం చేసింది. 'ఇక్కడ ఒప్పుకుంటే రేపు కోర్టులో నామీద వాడతారేమో' అన్న భయం పోతేనే అసలు అంకెలు బయటికి వస్తాయి.

కాగితాల జాబితా ఆ రోజే చేతికిచ్చారు. 2020 నవంబరులో రజనీష్ వర్సెస్ నేహా తీర్పు నిర్దేశించిన ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరి నుంచీ. దానికి తోడు ఆరు నెలల పే స్లిప్పులు, మూడేళ్ల ఐటీ రిటర్నులు, లోన్ స్టేట్‌మెంట్, ఫ్లాటు ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), లాకర్ ఒప్పందం, తాకట్టు రసీదులు, నగల బిల్లులు, పెళ్లి ఆల్బమ్, పాప ఫీజు రసీదులు. ఆల్బమ్ తెమ్మంటే చాలామంది ఆశ్చర్యపోతారు. బిల్లు లేని నగకు అదే సాక్ష్యం.

బంగారం

డబ్బు కంటే ముందు బంగారం తీశారు, కావాలనే. బంగారాన్ని నగ నగగా లెక్కపెట్టవచ్చు. ఒక్కో నగ తేలుతుంటే ఇద్దరికీ ఒప్పుకోవడం అలవాటవుతుంది. అదే పెద్ద అంకెతో మొదలుపెడితే తొలి గంటలోనే ఇద్దరూ బిగుసుకుపోతారు.

45 తులాలను నాలుగు వరుసలుగా రాశారు. లాకర్లో 14. ఆమె దగ్గరే ఉన్నవి 8. తాకట్టులో 11. మిగతా 12 ఎక్కడున్నాయో ఇద్దరి మాట వేరు. ఆ 12లో ఆల్బమ్ చూసి, బిల్లులు చూసి 6 తులాల మీద ఇద్దరూ ఒక మాటకొచ్చారు. వాటికి ఒప్పందం రోజున 22 క్యారెట్ల ధర, గ్రాముకు రూ.5,500 చొప్పున 60 గ్రాములకు రూ.3,30,000. ధర ఏ రోజుదో రాయకపోవడం ఇలాంటి ఒప్పందాల్లో తరచూ జరిగే పొరపాటు. చెల్లింపు ఆరు నెలలు ఆలస్యమైతే ధర పెరిగిందని ఒకరు, తగ్గిందని ఇంకొకరు మళ్లీ మొదలుపెడతారు.

తాకట్టులోని 11 తులాల దగ్గర అసలు విషయం బయటపడింది. 2019లో ఆయన తండ్రి గుండె ఆపరేషన్‌కు వాటిని కుదువ పెట్టారు. ఆమెకు చెప్పలేదు. ఓ పెళ్లికి వెళ్లడానికి హారం తీయబోతే లేదని తెలిసింది. విడి సెషన్లో ఆమె అన్నది ఇంతే: 'మామయ్య ఆపరేషన్‌కంటే నేనే తీసిచ్చేదాన్ని.' ఫిర్యాదులో ఈ మాట ఎక్కడా లేదు, అక్కడ 'బంగారం లాక్కున్నారు' అని ఉంది. ఆమె అనుమతితో ఈ మాటను ఆయనకు చేరవేశారు. ఆయన ఉమ్మడి సెషన్లో 'అడగాల్సింది, అడగలేదు' అన్నాడు. క్షమాపణ చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయలేదు. ఒత్తిడితో చెప్పించిన క్షమాపణ అవతలివారికి ఇంకో అవమానంలా తగులుతుంది.

విడిపించేటప్పుడు ఒక చిక్కు వస్తుందని ముందే చెప్పారు, వచ్చింది కూడా. ఇంటి లెక్కలో 11 తులాలంటే 110 గ్రాములు. తాకట్టు రసీదులో రాళ్లు, లక్క తీసేసి నికర బరువు 102 గ్రాములే. ఆ తేడా చూడగానే 'ఒక నగ కొట్టేశారు' అనే మాట వస్తుంది. అందుకే ఒప్పందంలో 'మొత్తం బరువు 110, రసీదు నికర బరువు 102' అని రెండూ రాసి, విడిపించే రోజు బ్రాంచిలో ఇద్దరి లాయర్ల ముందు తూకం వేయించాలని షరతు పెట్టారు.

పన్నెండు లక్షలకు పేరు పెట్టకపోవడం

ఫ్లాటు మీద ఆమె వైపు వాదన సగం. 78లో 30 తీసేస్తే 48, అందులో సగం 24 లక్షలు. ఆయన వాదన, మామగారి 12 లక్షలు తిరిగిచ్చేస్తే సరిపోతుందని. రెండింటికీ మధ్య బేరమాడితే 18 దగ్గర ఆగుతుంది, ఎవరికీ అది న్యాయంగా అనిపించదు. బేరం బదులు లెక్క పెట్టారు. కొన్న ధర 48లో ఆ 12 నాలుగో వంతు. ఇప్పటి ధర 78లో నాలుగో వంతు 19.5 లక్షలు. ఈఎంఐలు ఆయనవి, బాకీ ఆయనది, మిగతా పెరుగుదలా ఆయనదే. ఈ లెక్కను కాగితం మీద రాసి ఇద్దరికీ చెరొక కాపీ ఇచ్చి, లాయర్లతో మాట్లాడుకోమని పదిహేను నిమిషాలు గది వదిలేశారు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

అయితే రాసే దగ్గర చిక్కుంది. క్రిమినల్ ఫిర్యాదులో అదే 12 లక్షలను 'అదనపు కట్నం' అన్నారు. ఆమె తండ్రి దాన్ని 'పసుపు కుంకుమ కింద ఇచ్చింది' అంటాడు. భర్త 'ఇంటికి ఇచ్చిన సాయం' అంటాడు. ఒప్పందంలో కట్నం అని రాస్తే ఆయన నేరం ఒప్పుకున్నట్టు. సాయం అని రాస్తే ఆమె ఫిర్యాదు అబద్ధమని తనే రాసిచ్చినట్టు. అందుకని పేరే పెట్టలేదు: 'ఫ్లాటు కొనుగోలు నిమిత్తం ఫలానా తేదీన భార్య తండ్రి ఖాతా నుంచి బిల్డర్ ఖాతాకు జమ అయిన రూ.12,00,000' అని బ్యాంకు స్టేట్‌మెంట్ చెప్పేదే రాశారు. మొత్తంలో కలిపేయకుండా ఈ వరుసను విడిగా చూపించారు. తన నాన్న కష్టార్జితం కాగితం మీద కనబడాలని ఆమె మూడు సెషన్లుగా అడుగుతున్నది అదే. ఆమె అడిగిన 60 లక్షల నుంచి చివరికి తేలిన 36 లక్షలకు దిగిరావడానికి ఈ ఒక్క వరుస చేసిన పని చాలా ఉంది.

భరణం, పాప మనోవర్తి: రెండు వేర్వేరు ఖాతాలు

ఖమ్మంలో విడిగా ఇల్లు తీసుకుని ఉండటానికి ఆమె ఖర్చు నెలకు రూ.40,000 తేలింది. జీతం 22,000 పోగా లోటు 18,000. పాప పదో తరగతి అయ్యేదాకా ఏడేళ్లు. నెలనెలా ఇస్తే 84 నెలలకు రూ.15.12 లక్షలు. ఒకేసారి చేతికొస్తే ఆ డబ్బు వడ్డీ తెస్తుంది కాబట్టి, ఆరున్నర శాతం వడ్డీ లెక్కన నేటి విలువ 12 లక్షల పైచిలుకు. శాశ్వత భరణం 12 లక్షలుగా రాశారు. ఒకేసారి ఇచ్చే భరణానికీ నెలనెలా వచ్చేదానికీ ఆదాయపు పన్ను లెక్క ఒకటి కాదు గనుక ఆడిటర్ మాట తీసుకున్నాకే ఈ దారి ఎంచుకున్నారు.

మొత్తం ఇలా వచ్చింది. ఫ్లాటు వాటా 19.5, భరణం 12, బంగారానికి 3.3, బకాయి 1.26 లక్షలు. కలిపి 36.06. రూ.36 లక్షలకు సరిచేశారు.

పాప మనోవర్తిని ఇందులో కలపలేదు. 'ఇకపై ఏ హక్కూ కోరము' అని తల్లి సంతకం పెట్టినా పాప హక్కు పోదు. ఆ హక్కు పాపది, తల్లి వదులుకోవడానికి కుదరదు. ఒకేసారి ముట్టజెప్పి చేతులు దులుపుకోవాలనుకునే తండ్రులకు ఇది అర్థమయ్యేలా చెప్పాలి, లేకపోతే నాలుగేళ్ల తర్వాత పాప పేరున మళ్లీ కేసు వస్తుంది. నెలకు రూ.15,000, ఐదో తేదీలోపు, రెండేళ్లకోసారి పది శాతం పెంపు. స్కూలు ఫీజు తండ్రి నేరుగా స్కూలుకే కడతాడు. తండ్రి ఆస్తిలో పాప హక్కుకు ఈ ఒప్పందంతో సంబంధం లేదని కూడా ఒక వాక్యం రాశారు.

పాపను చూసే రోజుల విషయంలో నమూనా డ్రాఫ్టులు పనికిరావు. 'రెండో, నాలుగో శనివారం' అని అందరూ రాస్తారు. మన దగ్గర రెండో శనివారమే స్కూలుకు సెలవు. నాలుగో శనివారం తండ్రి హైదరాబాద్ నుంచి రెండు వందల కిలోమీటర్లు వచ్చేసరికి పాప క్లాసులో ఉంటుంది. కాబట్టి రెండో శనివారం ఉదయం పది నుంచి ఆదివారం సాయంత్రం ఆరు వరకు, నాలుగో వారం ఆదివారం మాత్రం. దసరా, సంక్రాంతి సెలవులు ఏటా మార్చి మార్చి. మేలో ఇరవై రోజులు. బుధ, ఆదివారాల్లో రాత్రి ఏడున్నరకు అరగంట వీడియో కాల్. పాపను అప్పగించే చోటు పోలీస్ స్టేషనూ కాదు, కోర్టూ కాదు, అమ్మమ్మ ఇల్లూ కాదు. పాప వెళ్లే డ్యాన్సు క్లాసు. తల్లి దింపి వెళ్తుంది, క్లాసయ్యాక తండ్రి తీసుకెళ్తాడు. పిల్లకు అది మామూలు శనివారంలాగే ఉంటుంది. పాస్‌పోర్టుకు ఇద్దరి సమ్మతి కావాలి గనుక అడిగిన పదిహేను రోజుల్లో సంతకం చేయాలని, ఊరు మారితే అరవై రోజుల ముందు చెప్పాలని షరతులు చేర్చారు.

నాలుగో సెషన్: మేనమామ ఫోను

అంకెలు కుదిరాక నాలుగో సెషన్లో అంతా ఆగిపోయింది. సంతకం పెట్టబోయే సమయానికి ఆమె మేనమామ ఫోను చేశాడు. నలభై ఐదుకు తగ్గొద్దన్నాడు. ఆమె కలం పక్కన పెట్టేసింది.

చాలామంది మీడియేటర్లు ఇక్కడ పెద్దలను తిట్టుకుంటారు. అది పొరపాటు. మన దగ్గర విడాకుల తర్వాత ఆ ఆడపిల్ల బతకాల్సింది ఆ పెద్దల మధ్యే. వాళ్లకు అర్థంకాని ఒప్పందం ఇంటికి వెళ్లాక నిలవదు. వాళ్లను తలుపు బయట నిలబెడితే ఫోన్లోంచి లోపలికి వస్తారు. తర్వాతి సెషన్‌కు ఇరువైపుల నుంచి ఒక్కో పెద్దమనిషిని పిలిచారు. నలభై నిమిషాలు కూర్చోవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు, నిర్ణయం మాత్రం ఆ ఇద్దరిదే. లెక్కల కాగితం మేనమామ ముందు పెట్టి వరుస వరుసా చదివి వినిపించారు. ఆయన అంతా విని 36 మీద ఒక్క మాట అనలేదు. అడిగింది వేరు: 'సరే అయ్యా, డీడీ ముందా, సంతకం ముందా?'

అసలు భయం అదే. అంకె తగ్గించొద్దన్న మాట వెనక, సంతకం పెట్టేశాక డబ్బు రాదేమోనన్న అనుమానం ఉంది. అటువైపూ ఇదే. డబ్బిచ్చాక ఆమె క్వాష్‌కు రాకపోతే? 13బి (పరస్పర సమ్మతి విడాకుల) పిటిషన్‌లో రెండో మోషన్ వరకు, అంటే పిటిషన్ వేసిన ఆరు నెలల తర్వాత కోర్టు ముందు మళ్లీ సరేననేదాకా, సమ్మతి నిలవాలి, మధ్యలో ఎవరైనా వెనక్కి తగ్గవచ్చని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. రాజీ కుదిరిన విడాకుల కేసులు చెడేది ఎక్కువగా ఈ అడుగుల వరుస దగ్గరే. మొత్తం ఎంత అన్నదానికి వారాలు కేటాయించి, ఏది ఎప్పుడు అన్నదాన్ని 'కోర్టు ఉత్తర్వు తర్వాత చెల్లించాలి' అని ఒక వాక్యంలో తేల్చేయడం వల్ల కుదిరిన రాజీలు కూలిపోతున్నాయి.

వరుస కట్టడం

మొదటి డ్రాఫ్టులో 'భార్య అన్ని కేసులూ ఉపసంహరించుకోవాలి' అని ఉంది. డీవీసీని, మనోవర్తి కేసులో తన భాగాన్ని ఆమె మెమో వేసి వదులుకోవచ్చు. 498ఎ ప్రభుత్వం నడిపే కేసు, దాన్ని ఆమె ఉపసంహరించుకోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన సవరణ వల్ల కోర్టు అనుమతితో 498ఎను రాజీ చేసుకునే వీలుంది, అయితే వరకట్న నిషేధ చట్టం 3, 4 సెక్షన్లు రాజీకి లొంగవు. రెండూ ఒకే ఎఫ్ఐఆర్‌లో ఉన్నాయి కనుక హైకోర్టులో 482 కింద క్వాష్ పిటిషన్ ఒక్కటే దారి. అందులో ఆమె అఫిడవిట్ ఇచ్చి, గుర్తింపు కార్డుతో హాజరై అభ్యంతరం లేదని చెప్పాలి.

ఇక్కడ విడి సెషన్లో తెలిసిన ఒక సంగతి పనికొచ్చింది. కేసు ఉండటం వల్ల ఆయన విదేశీ ప్రాజెక్టు అవకాశం ఆగింది, సెప్టెంబరులోపు తేలాలి. పైగా తల్లి పేరు ఎఫ్ఐఆర్ నుంచి పోవడమే ఆయనకు అన్నిటికంటే ముఖ్యం. ఇది ఆమె వైపు తెలిస్తే అంకె పెరిగేది. చెప్పొద్దన్నాడు కాబట్టి మీడియేటర్ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. క్వాష్‌ను విడాకుల డిక్రీ కంటే ముందుకు జరపవచ్చా అని మాత్రం ఆమెను అడిగారు. దానికి బదులుగా ఫ్లాటు డబ్బు క్వాష్ కంటే ముందే చేతికి రావాలని ఆమె కోరింది. ఇద్దరికీ సరిపోయింది.

ఫ్లాటు దగ్గర గట్టి ముడి ఉంది. 19.5 లక్షలు టాప్ అప్ లోన్‌గా రావాలి. ఆమె పేరు ఆస్తిలో ఉన్నంతకాలం బ్యాంకు ఆయన ఒక్కడి పేరా కొత్త లోన్ ఇవ్వదు. డబ్బు రానిదే ఆమె హక్కు వదలదు. ఇంకో సంగతి, బ్యాంకు ఈ ఒప్పందంలో పార్టీ కాదు. 'ఇకపై లోన్ భర్తదే' అని ఎన్నిసార్లు రాసుకున్నా, బ్యాంకు రాతపూర్వకంగా ఆమె పేరు తీసేదాకా ఈఎంఐ ఆగితే ఆమె సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకు ఇచ్చే మార్కు) కూడా పడిపోతుంది. ఒప్పందంలో రాసినంత మాత్రాన ఫ్లాటులో ఆమె వాటా బదిలీ కాదు. ఫ్లాటు విడాకుల ఓపీలో వివాదాంశం కాదు కాబట్టి కోర్టు రాజీ డిక్రీకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదనే రిజిస్ట్రేషన్ చట్టం 17(2)(6) మినహాయింపు దానికి వర్తించదు, రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే పత్రం) విడిగా రిజిస్టర్ చేయాల్సిందే. పాత ఫ్లాట్లు కొనేటప్పుడు బ్యాంకు మనిషి డీడీతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చే పద్ధతే ఇక్కడా పెట్టారు. ముందు 49.5 లక్షలకు, ఆయన ఒక్కడి పేరా శాంక్షన్ లెటర్. అందులోనే ఆమెను రుణబాధ్యత నుంచి తప్పిస్తున్నట్టు షరతు. రిజిస్ట్రేషన్ రోజున ఆమె పేరున డీడీ. ఆమె లాయర్ డీడీ చూశాక సంతకం, సంతకం అయ్యాక డీడీ చేతికి. కొత్త ఈఎంఐ దాదాపు రూ.43,700, అది ఆయన జీతం మోయగలదని ముందే సరిచూశారు.

చివరికి కుదిరిన వరుస ఇది:

మొదటి అడుగు, 13బి కింద ఉమ్మడి పిటిషన్, మొదటి మోషన్. ఆ రోజు రూ.8 లక్షల డీడీ, లాకర్ ఇద్దరూ కలిసి తెరిచి 14 తులాలు ఆమెకు.

రెండోది, వారం తర్వాత ఆరు నెలల గడువు మినహాయింపు కోరుతూ దరఖాస్తు.

మూడోది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ డీడ్, రూ.19.5 లక్షల డీడీ. స్టాంపు ఖర్చు ఆయనది.

నాలుగోది, తాకట్టు నగలు విడిపించి తూకం వేసి ఇవ్వడం. హైకోర్టు క్వాష్ ఉత్తర్వు ఇచ్చిన రోజున రూ.5 లక్షలు.

ఐదోది, డీవీసీ, మనోవర్తి కేసుల్లో మెమోలు, రెండో మోషన్, పాత ఓపీ ఉపసంహరణ, డిక్రీ. ఆ రోజు మిగతా రూ.3.5 లక్షలు.

గడువు మినహాయింపుకు ఆధారం 2017లో అమర్‌దీప్ సింగ్ వర్సెస్ హర్వీన్ కౌర్ తీర్పు. అది అడిగేవి: మొదటి మోషన్‌కు ముందే ఏడాదికి తోడు మరో ఆరు నెలలు, అంటే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి. కలిపే ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల సంగతి నిజంగా తేలి ఉండాలి. ఇంకా ఆగడం వల్ల బాధ పెరగడం తప్ప ఉపయోగం ఉండకూడదు. వీళ్లు విడిపోయి రెండేళ్లు దాటింది, మిగతా మూడూ ఒప్పందంలోనే కనిపిస్తున్నాయి. మినహాయింపు ఇవ్వడం కోర్టు ఇష్టం, హక్కుగా రాదు. అందుకని 'మినహాయింపు రాకపోతే ఆరు నెలల తర్వాతి తొలి వాయిదాకు ఇద్దరూ హాజరవ్వాలి' అని కూడా రాసుకున్నారు.

ఒప్పందం ఇంగ్లిషులో టైపు చేసినా, సంతకాలకు ముందు ప్రతి పేరా తెలుగులో చదివి వినిపించారు. గంటన్నర పట్టింది. ఆ చదువులో రెండు తప్పులు దొరికాయి. పాప పేరులో ఒక అక్షరం స్కూలు రికార్డుతో కలవలేదు. 'సెలవులు' అన్నచోట సంక్రాంతి పడిపోయింది. ప్రతి పేజీ మీద ఇద్దరూ, ఇద్దరు లాయర్లూ, మీడియేటరూ సంతకం చేశారు.

అమలులో ఎదురైనవి

క్వాష్ పిటిషన్ రెండుసార్లు వాయిదా పడింది. ఐదు లక్షల డీడీ ముందే తీసి ఉంచారు. డీడీకి చెల్లుబాటు మూడు నెలలే. మూడో వాయిదా ఆ గడువు దాటాక పడింది. ఆమె లాయర్ రెండు రోజుల ముందు తేదీ చూసి ఫోను చేయడంతో డీడీని బ్యాంకులో మళ్లీ చెల్లుబాటు చేయించారు. చూడకపోయి ఉంటే, చెల్లని డీడీ చేతిలో పెట్టి మోసం చేశారన్న మాట హైకోర్టు వరండాలోనే పుట్టేది. అప్పటి నుంచి ఇలాంటి ఒప్పందాల్లో 'వాయిదాకు ముందు వారం రోజుల్లోపు తీసిన డీడీ' అని రాయడం మంచిదని తేలింది.

చివరి మూడున్నర లక్షలు ఆయన చిట్టీ పాడి ఇవ్వాలనుకున్నాడు. పాట తేదీ రెండో మోషన్ తర్వాత పడింది. ఇది సెషన్లోనే అడిగి ఉండాల్సింది. డబ్బు ఎంత అన్నది అడిగారు, ఏ తేదీకి ఎక్కడి నుంచి వస్తుంది అన్నది చివరి విడతకు అడగలేదు. బావగారి దగ్గర చేబదులు తీసుకుని సమయానికి తెచ్చాడు కాబట్టి సరిపోయింది.

తూకం రోజున నికర బరువు 102 గ్రాములకు 101.6 వచ్చింది. బ్రాంచి త్రాసుకూ బయటి త్రాసుకూ ఆ మాత్రం తేడా మామూలే. రెండు అంకెలూ ముందే కాగితం మీద ఉండటంతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె హారాన్ని పెట్టెలోంచి తీసి కొక్కెం పనిచేస్తోందో లేదో చూసుకుని సంచిలో పెట్టుకుంది.

ఏడాది తర్వాత ఒకసారి కూర్చుని పాప రోజులు సరిచూసుకోవాలన్న షరతు కింద ఇద్దరూ మళ్లీ వచ్చారు. పాప ఐదో తరగతికి వచ్చింది, డ్యాన్సు క్లాసు ఆదివారం ఉదయానికి మారింది. అప్పగించే సమయం, చోటు మార్చి అరపేజీ అనుబంధ ఒప్పందం రాశారు. మేలో ఇరవై రోజులను పాప అడిగిన మీద రెండు విడతలు చేశారు, మధ్యలో ఒక వారం అమ్మ దగ్గర. ఇరవై ఐదు నిమిషాల్లో పనైపోయింది, లాయర్లను పిలవాల్సిన అవసరం రాలేదు.